రిజిస్టరులోని ఖాళీ గడులు: మధుమేహ సంరక్షణలో అసమానతలపై మా ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి: ప్రశ్న ఏమిటి?

ఎనిమిది ప్రాథమిక వైద్య కేంద్రాలు, అన్నింటిలోనూ ఒకే తరహా మధుమేహ రిజిస్టరు, మాది చిన్న బృందం. ఈ పరిశోధనకు నేను క్షేత్ర సమన్వయకర్తను. రిజిస్టరును సరిచేయడం, నర్సులతో కలిసి కూర్చోవడం, రోగులతో మాట్లాడటం నా పని. గణాంకాలు మా నిపుణురాలి బాధ్యత. వైద్యపరమైన నిర్ణయాలు ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల జబ్బుల వైద్య నిపుణులు, చూసుకుంటారు. పని సాగుతున్న కొద్దీ తీసుకున్న నిర్ణయాలను, వాటి వెనక ఉన్న కారణాలను ఈ డైరీలో రాస్తున్నాను. ఇలాంటి పని తలపెట్టిన వారికి ఫలితాల కంటే ఆ కారణాలే ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం. మా అంకెలు మాత్రం ఇక్కడ కనిపించవు. విశ్లేషణ ముగిసి, రోగుల సలహా సంఘం చూసిన తరువాతే అవి బయటకు వెళ్లాలని ముందే తీర్మానించుకున్నాం.

సమస్య ఎంత పెద్దదో చెప్పే అంకెలకు కొదవ లేదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో 20 నుంచి 79 ఏళ్ల మధ్య వయసువారిలో 58.9 కోట్ల మందికి మధుమేహం ఉంది. వారిలో ప్రతి అయిదుగురిలో నలుగురు అల్ప, మధ్య ఆదాయ దేశాల్లోనే ఉన్నారు. పది మందిలో నలుగురికి పైగా తమకు జబ్బు ఉన్నట్టే తెలియదు. వేరే కొలమానంతో లెక్కించి 2024లో వెలువరించిన మరో అంతర్జాతీయ అధ్యయనం, 30 ఏళ్లు దాటిన మధుమేహ రోగుల్లో సగానికి పైగా, అంటే దాదాపు 44.5 కోట్ల మంది, ఏ చికిత్సా పొందడం లేదని తేల్చింది.

2022లో ప్రపంచ ఆరోగ్య సభ 2030 నాటికి చేరుకోవాల్సిన అయిదు లక్ష్యాలను ఆమోదించింది. మధుమేహం ఉన్నవారిలో 80 శాతం మందికి జబ్బును గుర్తించాలి. గుర్తించిన వారిలో 80 శాతం మందికి రక్తంలో చక్కెర, 80 శాతం మందికి రక్తపోటు అదుపులో ఉండాలి. 40 ఏళ్లు దాటిన మధుమేహ రోగుల్లో 60 శాతం మందికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు అందాలి. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని టైప్ 1 మధుమేహం ఉన్న ప్రతి ఒక్కరికీ భరించగలిగే ధరలో ఇన్సులిన్, ఇంట్లోనే చక్కెర చూసుకునే సాధనం దొరకాలి. ఈ లక్ష్యాలను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. అయినా మొదటి సమావేశంలో బల్ల మీద పెట్టిన ప్రశ్న వాటి గురించే: 80 శాతం చేరుకున్నామని చెప్పే రోజున, మిగిలిన 20 శాతం ఎవరు? ఆ 20 శాతం మంది గుర్తింపు, చికిత్స, అదుపు అనే అన్ని మెట్ల దగ్గరా ఒకే వర్గం వారైతే, లక్ష్యం నెరవేరినట్టు కనిపిస్తూనే అన్యాయం చెక్కుచెదరకుండా ఉండిపోతుంది.

వేల్స్‌లోని ఒక గని గ్రామంలో వైద్యుడిగా పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే ఈ సంగతి చెప్పారు. మంచి వైద్యం అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడే అది తక్కువగా దొరుకుతుందన్నది ఆయన గమనింపు. తరువాతి దశాబ్దాల్లో ఎన్నో జబ్బుల విషయంలో ఇదే రుజువవుతూ వచ్చింది. ఆ గమనింపును మరోసారి నిరూపించడానికి మా శ్రమ అక్కర్లేదు. కేంద్రం రోజువారీ పనిలో ఏ ఏర్పాటు ఆ తేడాను పుట్టిస్తోందో కనిపెట్టి, దాన్ని మార్చి, తేడా తగ్గిందా లేదా చూడాలి. అదే మా ప్రశ్న.

మార్చి: హారంలో లేనివాళ్లు

కేంద్రాల వార్షిక నివేదికలన్నింటిలోనూ ఒక వరుస ఉంటుంది: చక్కెర అదుపులో ఉన్న రోగుల శాతం. ఆ శాతం ఎలా వస్తుందో నర్సును అడిగి కాగితం మీద వేయించాను. ఆ ఏడాది హెచ్‌బీఏ1సీ పరీక్ష (రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే రక్త పరీక్ష) చేయించుకున్న వారిలో 7 శాతం కంటే తక్కువ వచ్చినవారు లవం. పరీక్ష చేయించుకున్న వారందరూ హారం. పరీక్షకే రానివారు పైనా లేరు, కిందా లేరు.

దీనివల్ల ఏం జరుగుతుందో ఆలోచించాలి. ఇబ్బందుల్లో ఉన్న రోగి కేంద్రానికి రావడం మానేస్తే నివేదికలో ఆ కేంద్రం పనితీరు మెరుగుపడుతుంది. కష్టమైన పరిస్థితుల్లో ఉన్నవారిని వెతికి పరీక్షకు రప్పించిన కేంద్రం శాతం పడిపోతుంది. మంచి పని చేసినవారికి చెడ్డ పేరు తెచ్చే లెక్క ఇది. దీన్ని మార్చకుండా ముందుకు కదలకూడదని గట్టిగా పట్టుబట్టాను.

ఇప్పుడు మా లెక్క ఇలా ఉంది. రిజిస్టరులో పేరు ఉన్నవారందరూ ప్రతి మెట్టుకూ హారమే. వారిలో గత ఏడాదిలో పరీక్ష జరిగినవారు ఎందరు, చికిత్స అందుతున్నవారు ఎందరు, అదుపు సాధించినవారు ఎందరు? రక్తపోటు, మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి వచ్చే ప్రోటీన్), కంటి పరీక్ష, పాదాల పరీక్షలకూ ఇదే పద్ధతి. సంప్రదించలేకపోయామని, చిరునామా మారిందని తీసేసిన పేర్లను మళ్లీ రిజిస్టరులోకి తెచ్చాం. మరణించినట్టు నిర్ధారణ అయినవారిని, వేరే కేంద్రంలో చేరినట్టు ఆధారం ఉన్నవారిని మాత్రమే తొలగించాం. జబ్బు ఉన్నట్టే తెలియక రిజిస్టరులోకి అసలు రాని వారిది ఇంకా పెద్ద కథ. అది ఈ ప్రాజెక్టు పరిధికి బయట ఉంది.

గణాంక నిపుణురాలితో పెద్ద చర్చ ఖాళీ గడుల మీదే జరిగింది. పరీక్ష ఫలితం లేనివారికి వయసు, లింగం, పాత ఫలితాల ఆధారంగా ఒక విలువను అంచనా వేసి నింపే పద్ధతి ఉంది. గణాంకాల్లో అది తరచూ వాడే పద్ధతే. అయితే ఒకే వయసు, ఒకే పాత ఫలితం ఉన్న ఇద్దరిలో పరీక్షకు వచ్చినవారూ రానివారూ ఒకేలాంటి వారని ఆ పద్ధతి అనుకుంటుంది. మా విషయంలో ఆ అనుకోలు నిలవదు. రాకపోవడానికి కారణమైన పరిస్థితే చక్కెరనూ పెంచుతుంది. అందుకని మొత్తం రిజిస్టరులో పరీక్ష జరిగి, అదుపులో కూడా ఉన్నవారి వాటాను ప్రధాన కొలతగా తీసుకున్నాం. ఫలితం లేకపోతే సంరక్షణ అందనట్టే లెక్క. అంచనా వేసి నింపిన లెక్క రెండో స్థానంలో, పోల్చి చూసుకోవడానికి ఉంటుంది.

ఇక ఏ వర్గాల మధ్య తేడా చూడాలి? రిజిస్టరులో ఉన్నవి వయసు, లింగం, చిరునామా మాత్రమే. అసమానతల పరిశోధకులు సాధారణంగా నివాసం, జాతి, భాష, వృత్తి, లింగం, మతం, చదువు, ఆర్థిక స్థితి, అండగా నిలిచే మనుషులు అనే కోణాలు చూస్తారు. అన్నీ అడిగితే ప్రశ్నావళి చేటంత అవుతుంది. జవాబును బట్టి కేంద్రం తన పనిలో ఏదో ఒకటి మార్చుకోగలిగే ప్రశ్నలే ఉంచాం: మీ పని వేళలు ఏమిటి, ఇంట్లో మీరు చూసుకోవాల్సిన పసిపిల్లలు గాని వృద్ధులు గాని ఉన్నారా, కేంద్రానికి రావడానికి ఎంతసేపు పడుతుంది, వైద్యం గురించి ఏ భాషలో మాట్లాడితే మీకు తేలిక, గత మూడు నెలల్లో డబ్బు చాలక మందు తగ్గించి వాడారా?

ఏప్రిల్: కొలిచే సాధనమే అందరికీ సమానమా?

ఈ నెలంతా ప్రయోగశాలతో గడిచింది. చాలామంది ఈ మెట్టును దాటేసి వెళతారు. నాకు మాత్రం ఇక్కడే ఎక్కువసేపు ఆగాలనిపించింది.

ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అంతకాలమూ దానిలోని హీమోగ్లోబిన్‌కు రక్తంలోని గ్లూకోజ్ కొద్దికొద్దిగా అంటుకుంటూ ఉంటుంది. అలా అంటుకున్న శాతమే హెచ్‌బీఏ1సీ. రెండు మూడు నెలల సగటు చక్కెరను అది చెబుతుంది. 7 శాతం అంటే సగటున డెసిలీటరుకు సుమారు 154 మిల్లీగ్రాములు. 6.5 శాతం, అంతకు మించి ఉంటే మధుమేహంగా నిర్ధారించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది.

ఈ లెక్కంతా రక్తకణం ఆయుష్షు మామూలుగా ఉన్నప్పుడే నిలుస్తుంది. ఇనుము లోపంతో వచ్చిన రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. రక్తకణాలు త్వరగా చితికిపోయే జబ్బుల్లో, రక్తస్రావం తరువాత, రక్తం ఎక్కించుకున్నాక తక్కువగా కనిపిస్తుంది. కిడ్నీ జబ్బు ముదిరి, ఎర్ర రక్తకణాల తయారీని పెంచే ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్లు తీసుకునేవారిలోనూ తగ్గుతుంది. సికిల్ సెల్, థలసీమియా వంటి హీమోగ్లోబిన్ తేడాలు ఉన్నవారిలో, వాడిన యంత్రాన్ని బట్టి ఫలితం తప్పుదారి పట్టవచ్చు. జీ6పీడీ అనే ఎంజైము జన్యువులో ఆఫ్రికన్ మూలాలున్న వారిలో కనిపించే ఒక మార్పు హెచ్‌బీఏ1సీని గణనీయంగా తగ్గించి చూపుతుందని 2017లో ప్రచురితమైన పెద్ద జన్యు అధ్యయనం చూపింది. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి పురుషుల్లో ప్రభావం ఎక్కువ. చక్కెర పెరిగినా పరీక్షలో మామూలుగానే కనిపిస్తే జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

అసమానతలకు దీనికీ సంబంధం ఏమిటని మా బృందంలోనే ఒకరు అడిగారు. రక్తహీనత అందరిలోనూ ఒకేలా ఉండదు. పోషకాహారం చాలనివారిలో, పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో ఎక్కువ. ఇనుము లోపం వల్ల ఎక్కువగా కనిపించిన అంకెను చూసి మందు మోతాదు పెంచితే, అసలే తిండి చాలని మనిషికి చక్కెర ప్రమాదకరంగా పడిపోయే ముప్పు తెచ్చిపెట్టిన వాళ్లమవుతాం. హీమోగ్లోబిన్ తేడాలు కూడా కొన్ని సముదాయాల్లోనే దట్టంగా ఉంటాయి. ఒకే గీటురాయి అందరికీ పెట్టాం కాబట్టి న్యాయం జరిగిందనుకోవడానికి లేదు.

కిడ్నీ పనితీరును అంచనా వేసే సూత్రం విషయంలో ఇలాంటిదే జరిగింది. అమెరికాలో చాలాకాలం వాడిన సూత్రంలో నల్లజాతీయులకు ఫలితాన్ని పెంచే ఒక గుణకం ఉండేది. వారి కిడ్నీలు ఉన్నదానికంటే బాగా పనిచేస్తున్నట్టు అది చూపేది. నిపుణుల దగ్గరకు పంపడంలో, మార్పిడి జాబితాలో చేర్చడంలో దాని ప్రభావం ఉండేది. 2021లో జాతి ప్రస్తావన లేని కొత్త సూత్రం వచ్చింది. మా ప్రయోగశాల వాడుతున్నది కొత్తదేనని రాతపూర్వకంగా నిర్ధారించుకున్నాం.

హెచ్‌బీఏ1సీ విషయంలో మా ఏర్పాటు ఇది. మొదటి నమూనాతోనే పూర్తి రక్త పరీక్ష కూడా చేస్తారు. రక్తహీనత ఉన్నా, హీమోగ్లోబిన్ తేడా ఉందని యంత్రం సూచించినా, ఇంట్లో చూసుకున్న చక్కెరకూ హెచ్‌బీఏ1సీకీ పొంతన కుదరకపోయినా, ఆ రోగి ఫలితం పక్కన గుర్తు పడుతుంది. అలాంటివారికి గ్లూకోజ్ కొలతలే ఆధారం. అవసరమైతే రెండు మూడు వారాల సగటు చక్కెరను చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష చేయిస్తారు. గుర్తు ఉన్నంతకాలం హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్ని చూసి మోతాదు మార్చకూడదని డాక్టర్లందరూ ఒప్పుకున్నారు.

మే: రానివారి దగ్గరకు

ఏడాదికి పైగా పరీక్ష లేనివారి జాబితా పట్టుకుని ఫోన్లు చేశాం, ఇళ్లకు వెళ్లాం. నైతిక సంఘం ముందే ఒక షరతు పెట్టింది: ఎందుకు రాలేదని నిలదీయకూడదు. మంచి షరతు. రావాలంటే మీకు ఏం కుదరాలి అని మొదలుపెట్టాం. ఆ ఒక్క ప్రశ్నతో సంభాషణ తీరే మారిపోయింది.

రాత్రి షిఫ్టులో పనిచేసే ఒక మధ్యవయస్కుడు చెప్పిన మాట మొత్తం ప్రాజెక్టుకు దారి చూపింది.

"పొద్దున్నే ఏమీ తినకుండా రమ్మంటారండి. నా పని తెల్లవారుజామున అయిపోతుంది. రాత్రంతా నిలబడి పనిచేసి, తినకుండా మళ్లీ లైనులో నిలబడమంటే నా వల్ల కాదు. ఒకసారి అలాగే కళ్లు తిరిగాయి."

"ఆ సంగతి అక్కడ ఎవరికైనా చెప్పారా?"

"చెప్పడానికి అడిగిందెవరండి?"

అదే వారం మరికొందరు ఇంచుమించు ఇదే చెప్పారు. పరగడుపున ఉండటం, ఉదయం వేళ మాత్రమే రక్తం తీయడం, ఫలితానికి మరో రోజు రావాల్సిరావడం. పసిబిడ్డ ఉన్న తల్లికీ, మంచాన ఉన్న తండ్రిని చూసుకునే కొడుకుకీ, గంటల లెక్కన జీతం తీసుకునే మనిషికీ ఈ మూడూ కలిసి ఒక గోడ అయ్యాయి.

కేంద్రానికి తిరిగి వెళ్లి పరీక్ష చీటీ తెప్పించుకున్నాం. హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు. రోజులో ఎప్పుడు తీసినా ఒకటే. మరి ఆ నియమం ఎక్కడిది? అదే చీటీ మీద పరగడుపు గ్లూకోజ్, కొలెస్ట్రాల్ పరీక్షలు కూడా అచ్చయి ఉన్నాయి. వాటి కోసం పెట్టిన నియమం మొత్తం చీటీకి వర్తించింది. కొలెస్ట్రాల్‌కు కూడా మామూలుగా పరగడుపు అవసరం లేదని 2016లో ఐరోపా నిపుణుల సంఘాలు స్పష్టం చేశాయి. ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు బాగా ఎక్కువ వచ్చిన కొద్దిమందికే మళ్లీ పరగడుపున చూస్తే చాలు. ఇప్పటికే జబ్బు నిర్ధారణ అయి హెచ్‌బీఏ1సీతో పర్యవేక్షణలో ఉన్న మనిషికి, ప్రయోగశాలలో పరగడుపు గ్లూకోజ్ కొత్తగా చెప్పేది చాలా తక్కువ. అంటే వైద్యపరమైన అవసరం లేని ఒక నియమం ఎవరి జీవితాల్లో వెసులుబాటు లేదో వారిని ఏరి మరీ బయట ఉంచుతోంది. ఆ నియమం పెట్టినవారిలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అసమానత చాలాసార్లు ఇలాంటి చీటీల్లోనే ఉంటుంది. అందుకే రోగి అలవాట్ల మీద వేలు చూపించే ముందు కేంద్రం అడుగుతున్నది ఏమిటో ఒక్కొక్కటిగా రాసి చూడాలని నేను ఇంతగా అంటున్నాను.

మందుల సంగతి వేరు. డబ్బు చాలక మోతాదు తగ్గించిన సంగతి చెప్పడానికి చాలామంది వెనకాడారు. నర్సు పక్కన లేనప్పుడే చెప్పారు. ఇది ఒక దేశానికో ఒక చోటుకో పరిమితమైన సంగతి కాదు. అమెరికాలో ఒక నగరంలోని మధుమేహ కేంద్రంలో జరిపిన సర్వేలో, ఇన్సులిన్ వాడేవారిలో నలుగురిలో ఒకరు ఖర్చు భయంతో తక్కువగా వాడుతున్నట్టు చెప్పారు. 1923లో ఇన్సులిన్ పేటెంటును దాన్ని కనిపెట్టిన బాంటింగ్, ఆయన సహచరులు టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరికి ఒక డాలరు చొప్పున తీసుకుని ఇచ్చేశారు. అందరికీ అందాలన్నదే వారి ఉద్దేశం. నూరేళ్లు దాటినా ఆ మాట నెరవేరలేదంటే నాకు కోపం వస్తుంది.

తిండికీ మందుకీ ఉన్న లంకె గురించి కాలిఫోర్నియాలో ఒక అధ్యయనం ఉంది, 2014లో వచ్చింది. చక్కెర పడిపోయి ఆస్పత్రిలో చేరే ముప్పు, పేదల్లో నెల మొదటి వారంతో పోలిస్తే చివరి వారంలో 27 శాతం ఎక్కువ. అధికాదాయ వర్గాల్లో ఈ తేడా కనిపించలేదు. డబ్బు అయిపోయే వారంలో తిండి తగ్గుతుంది, మాత్ర మాత్రం అదే మోతాదు. మా ఎండోక్రైనాలజిస్టు ఈ విషయం చర్చకు తెచ్చాక, తిండికి కటకట ఉందని చెప్పినవారికి చక్కెరను హఠాత్తుగా పడగొట్టే మాత్రలను వీలైనంత వరకు తప్పించాలని, తినని పూట ఏ మందు మానాలో, ఏది వేసుకోవచ్చో రాసి ఇవ్వాలని నిర్ణయించారు.

రిజిస్టరులో "మందులు సరిగా వాడటం లేదు" అనే గడి ఒకటి ఉండేది. టిక్కు పెట్టడమే తప్ప కారణం రాసే చోటు లేదు. ఆ గడిని తీసేసి, కారణాల వరుస పెట్టించాం: ధర, దుష్ప్రభావం, చక్కెర పడిపోతుందన్న భయం, నిల్వ చేసే వసతి లేకపోవడం, మందు అయిపోయినా మళ్లీ తెచ్చుకునే వీలు లేకపోవడం, వాడే విధానం అర్థం కాకపోవడం. కారణం తెలిస్తేనే నర్సు చేతిలో పని ఉంటుంది.

జూన్: ఏం మార్చాలి?

రోగుల సలహా సంఘం ఏర్పడింది. వచ్చినవారి సమయానికి పరిశోధకుల సమయానికి ఇచ్చినట్టే డబ్బు చెల్లిస్తున్నాం. ఈ ఖర్చును బడ్జెట్‌లో పెట్టించడానికి చాలా లేఖలు రాయాల్సి వచ్చింది.

మొదట అందరి నోటా వచ్చిన ఆలోచన ఫోను సందేశాలు. చవక, తేలిక, అందరికీ ఒకేసారి వెళతాయి. నేను వ్యతిరేకించాను. బంగ్లాదేశ్‌లో 96 గ్రామాల్లో జరిపి 2019లో ప్రచురించిన పరీక్ష నాకు ఆధారం. అక్కడ కొన్ని గ్రామాలకు ఫోనులో వాయిస్ సందేశాలు పంపారు. మరికొన్నింటిలో ఊరివాళ్లే నెలనెలా గుంపుగా కూర్చుని తమ ఇబ్బందులను గుర్తించి, పరిష్కారాలను తామే ఎంచుకుని అమలు చేశారు. సందేశాల వల్ల జబ్బు గురించిన అవగాహన పెరిగింది గానీ చక్కెర స్థాయిల్లో మార్పు లేదు. సమావేశాలు జరిగిన గ్రామాల్లో మధుమేహం, దాని ముందు దశ కలిసి గణనీయంగా తగ్గాయి. చెప్పడం వేరు, అడ్డును తొలగించడం వేరు.

లాస్ ఏంజెలెస్‌లో క్షౌరశాలల్లో చేసిన రక్తపోటు పరీక్ష కూడా చర్చకు వచ్చింది. 2018లో వచ్చిన ఫలితాల్లో, ఫార్మసిస్టులే క్షౌరశాలకు వెళ్లి మందులు రాసి సరిచేసిన నల్లజాతి పురుషుల్లో ఆరు నెలలకు పై అంకె 27 పాయింట్లు తగ్గింది. డాక్టరును కలవమని మంగలి ప్రోత్సహించిన గుంపులో 9.3 పాయింట్లే తగ్గింది. రెండు గుంపుల్లోనూ సలహా ఉంది. మనిషి ఉన్న చోటికే చికిత్స వెళ్లింది ఒక్క గుంపులోనే.

చివరకు తేలినవి: పరగడుపు నియమం రద్దు, వారంలో రెండు సాయంత్రాలు కేంద్రం తెరిచి ఉంచడం, ఒకే రాకలో రక్తం, మూత్రం, కళ్లు, పాదాలు చూసేయడం, స్థిరంగా ఉన్నవారికి మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వడం, నిర్ణీత నియమావళి ప్రకారం నర్సే మోతాదు సరిచేయగలగడం. ఇంటికి వెళ్లి పలకరించడానికి, అదే సముదాయానికి చెందిన ఆరోగ్య కార్యకర్తలు.

ఆగస్టు: కొలత ముందే రాసి పెట్టుకోవాలి

కేంద్రాలన్నీ చివరికి మార్పులను పొందుతాయి, వరుస మాత్రం చీటీలు తీసి నిర్ణయించాం. తమ వంతు వచ్చేదాకా ప్రతి కేంద్రం పోలికకు పనికొస్తుంది. కాలంతో పాటు సహజంగా వచ్చే మార్పులను వేరు చేయడానికి ఈ పద్ధతి ఉపకరిస్తుంది. ఎవరికీ శాశ్వతంగా నిరాకరించినట్టు కాదు.

తేడాను ఎలా కొలవాలన్నది ముందే రాయకపోతే తరువాత అనుకూలమైన లెక్క ఎంచుకునే ప్రమాదం ఉంది. ఒక ఊహా లెక్క చూడండి. పగటి ఉద్యోగుల్లో 60 శాతం, రాత్రి షిఫ్టు వారిలో 30 శాతం అదుపులో ఉన్నారనుకుందాం. మార్పు తరువాత 72, 40 అయ్యాయి. నిష్పత్తి చూస్తే 2 నుంచి 1.8కి తగ్గింది, అసమానత తగ్గినట్టే. వ్యత్యాసం చూస్తే 30 నుంచి 32కి పెరిగింది. రెండూ నిజమే. అందుకని రెండూ ప్రకటిస్తామని, వెనకబడిన వర్గంలో అదుపు ఎంత పెరిగిందో విడిగా చెబుతామని విశ్లేషణ ప్రణాళికలో నమోదు చేశాం.

ఈ నెలలోనే, ముందు ఎవరిని పిలవాలో కంప్యూటర్ స్కోరుతో నిర్ణయించుకోవచ్చని ఒక ప్రతిపాదన వచ్చింది. స్కోరు దేని మీద ఆధారపడుతుందని అడిగితే, గత ఏడాది కేంద్రానికి వచ్చిన సార్లు, అయిన ఖర్చు అన్నారు. అక్కడే ఆపించాం. అమెరికాలో లక్షల మందికి వాడిన అలాంటి పద్ధతిని 2019లో పరిశోధకులు విప్పి చూశారు. అవసరానికి బదులు ఖర్చును కొలవడంతో, తక్కువ వైద్యం అందిన నల్లజాతి రోగులు ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్కలోకి వచ్చారు. ఆ లోపం సరిచేస్తే అదనపు సాయానికి ఎంపికయ్యే వారిలో నల్లజాతీయుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేల్చారు. మా జాబితాకు ఒకే నియమం: పరీక్ష జరిగి ఎంత ఎక్కువ కాలమైతే అంత ముందు పిలుపు. పాదంలో పుండు, ముదిరిన కిడ్నీ జబ్బు, ఇన్సులిన్ వాడకం ఉంటే అందరికంటే ముందు.

అక్టోబరు: మొదటి కేంద్రం

సాయంత్రం వేళలు తెరవగానే స్లాట్లు నిండాయి. ఎవరితో? ఎప్పుడూ క్రమం తప్పకుండా వచ్చేవారితో. కొత్త సౌకర్యం సమాచారం ముందు చేరేదీ, ముందు వాడుకునేదీ వారే. అందుకే ప్రణాళికలోనే ఒక రక్షణ పెట్టుకున్నాం: సాయంత్రం స్లాట్లలో ఎక్కువ భాగం జాబితాలోని వారికి అట్టిపెట్టి ఉంటాయి, ముందు రోజు మధ్యాహ్నం తరువాతే మిగిలినవి అందరికీ తెరుచుకుంటాయి. రెండో వారం నుంచి దీన్ని కచ్చితంగా అమలు చేశారు. క్రమంగా వచ్చే కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. రిసెప్షన్‌లోని అమ్మాయి ఓపికగా చెప్పింది: "మీకు పగలు వీలవుతుంది కదండీ, వారికి ఇదొక్కటే సమయం." చాలామంది అర్థం చేసుకున్నారు.

కంటి పరీక్ష కోసం, కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయకుండానే చాలామందికి ఫోటో తీయగలిగే కెమెరా అద్దెకు తెచ్చాం. చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. వాహనం నడిపి బతికేవారికి అది ఒక పూట కూలి పోవడమే. రెటీనా తనిఖీ ఎంత మేలు చేస్తుందో ఇంగ్లాండ్ అనుభవం చెబుతుంది. 2003లో అక్కడ దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. 2014 నాటి విశ్లేషణలో, కనీసం అయిదు దశాబ్దాల్లో మొదటిసారి ఇంగ్లాండ్, వేల్స్‌లో పనిచేసే వయసువారి అంధత్వానికి మధుమేహం ప్రథమ కారణంగా లేకుండా పోయింది.

పాదాల పరీక్షకు 10 గ్రాముల మోనోఫిలమెంట్, అంటే స్పర్శ తెలుస్తోందో లేదో చూసే సన్నని నైలాన్ పోగు, చాలు. కొద్ది నిమిషాల పని. రిజిస్టరులో చాలామందికి ఆ గడి ఎన్నడూ నిండలేదు. కారణం నర్సు చెప్పింది: బల్ల, కుర్చీ ఉన్న గదిలో ఆ పరీక్ష చేసే ఎత్తు లేదు, వంగి చేయలేక వదిలేసేవారు. ఎత్తైన మంచం ఒకటి తెప్పించాం.

డిసెంబరు: ప్రస్తుతం

మొదటి కేంద్రంలో జాబితా వేగంగా తగ్గుతోంది. వచ్చినవారిలో చాలామందికి చక్కెర చాలా ఎక్కువగా ఉంది. దీనివల్ల ఆ కేంద్రం పాత తరహా శాతం ఈ త్రైమాసికంలో పడిపోతుంది. పై అధికారులకు ముందుగానే లేఖ రాశాం, కొత్త హారంతో లెక్క వేసి పక్కన జతచేశాం. సిబ్బంది మీద నింద పడకుండా చూడటం మా బాధ్యత.

ఆలస్యం చేసిన ప్రతి ఏడూ ఎంత నష్టం తెస్తుందో బ్రిటన్‌లో 5,102 మంది కొత్త రోగులతో జరిపిన దీర్ఘకాలిక అధ్యయనం చెబుతుంది. 1998లో దాని ఫలితాలు వచ్చాయి. మొదటి ఏళ్లలో చక్కెరను గట్టిగా అదుపు చేసినవారికీ మిగిలినవారికీ మధ్య చక్కెర అంకెల్లో తేడా, అధ్యయనం ముగిశాక త్వరలోనే చెరిగిపోయింది. అయినా పదేళ్ల తరువాత, 2008లో చూస్తే గుండెపోట్లు, మరణాలు మొదటి వర్గంలోనే తక్కువ. తొలి ఏళ్లు పోగొట్టుకున్నవారికి ఆ మేలు తరువాత దొరకడం కష్టం. అందుకే జాబితాలో గత రెండేళ్లలో కొత్తగా నిర్ధారణ అయినవారి పేర్లను పైకి తెచ్చే ప్రతిపాదన సలహా సంఘం ముందు ఉంది. పాత రోగులకు అన్యాయం జరగకుండా ఎలా చేయాలన్న దాని మీద అభిప్రాయభేదం ఉంది, వచ్చే సమావేశంలో తేలుతుంది.

తేలాల్సినవి ఇంకా ఉన్నాయి. ఆరోగ్య కార్యకర్తల జీతం ప్రాజెక్టు నిధులతో నడుస్తోంది. నిధులు అయిపోయాక ఎవరు ఇస్తారో రాతపూర్వక హామీ లేకుండా మూడో కేంద్రానికి వెళ్లకూడదని నా పట్టు. సాయంత్రాలు పనిచేసే నర్సులకు ఆ మేరకు పగటి సెలవు ఇస్తున్నామా లేదా అన్నది కూడా ప్రతి నెలా నమోదవుతోంది.

రెండో కేంద్రంలో పని జనవరిలో మొదలవుతుంది. అక్కడి పరీక్ష చీటీ నుంచి పరగడుపు అనే మాటను ఇప్పటికే తీయించాం, కొత్త చీటీలు అచ్చయి వచ్చాయి.